తొలకరికి మేలుకొనే పురుగు

అనంతపురం మెట్టభూములలో తొలి పెద్దవాన కురిసిన రెండు మూడు రోజులకు, పొద్దు గుంకిన తరువాత ఒక దీపం కింద నిలిచి చూడండి. రెక్కల పురుగులు గుంపులుగా వచ్చి వెలుగు చుట్టూ తిరుగుతూ వుంటాయి. ముందురెక్కలు గోధుమవన్నె, వాటిపై తెల్లని చారలు, అంచున పసుపుపచ్చని గీత. వెనుకరెక్కలు తెలుపు, వాటిపై నల్లని మచ్చలు. శాస్త్రజ్ఞులు దీనిని ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా అన్నారు. లాటిను భాషలో ఆల్బిస్ట్రైగా అంటే తెల్లచార గలది. రైతు యీ అందాన్ని అంతగా పట్టించుకోడు. అతడెరిగినది దీని సంతానాన్ని. అదే ఎర్ర గొంగళి పురుగు.

యీ సీమలో యేటి సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొద్దిపాటి వానకోసం వేరుసెనగ రైతు యెట్లు కాచుకొని వుంటాడో, యీ పురుగూ అట్లే కాచుకొని వుంటుంది. గట్ల వెంబడి, చెట్ల నీడన, జానెడు లోపు లోతున, ప్యూపా అనే కోశస్థ దశలో తొమ్మిది పది నెలలు తిండీ నీరూ లేక నిద్రిస్తుంది. దానికి కార్తెలతో పనిలేదు. మట్టి బాగా తడిసిననాడే దానికి తొలకరి. రైతు విత్తేదీ ఆ పదునులోనే! కనుకనే మొలక పైకి వచ్చేసరికి దానిని తినే నోరూ సిద్ధమవుతుంది.

ఒక్కొక్క తల్లి ఆకుల అడుగున గుంపులుగా వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. కొద్ది రోజులలోనే పిల్లలు వెలువడుతాయి. మొదట అన్నీ ఒకేచోట చేరి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి. పెరిగినకొద్దీ ఒళ్లంతా ఎర్రని నూగుతో, ఒక చేను ముగించి పక్కచేనికి దండు కట్టి నడుస్తాయి. అప్పుడు మందు చల్లినా, ముదిరిన పురుగు అంత సులభంగా చావదు.

వాన వెలిసిన ఆ తొలి రాత్రులలో చేలగట్లపై మంటలు వేస్తే, రెక్కల పురుగులు గుడ్లు పెట్టకముందే వచ్చి పడతాయి. నాలుగు కట్టెలు చాలు, ఖర్చు లేదు. కాని ఒక్కడు వేస్తే ఫలం లేదు. పొరుగు చేనిలో పొదిగిన పిల్లలకు గట్టు అడ్డమా? ఊరంతా కూడి ఒకే రాత్రి మంట వేయవలె. నా మట్టుకు, పురుగును చంపడంకన్నా ఊరిని కూర్చడమే కష్టమనిపిస్తుంది. ఆ రాత్రి తప్పితే చేని చుట్టూ కందకం తవ్వవలె. జిల్లేడు కొమ్మలు పరచి, వాటికి చేరిన పురుగులను ఏరవలె.

వేసవి దుక్కి ఇంకొక ఉపాయం. మట్టిగడ్డల నడుమ బయటపడిన ముదురు గోధుమవన్నె ప్యూపాలను, నాగలి వెనుకనే నడిచే కాకులూ కొంగలూ ముక్కున కరచుకొని పోతాయి.