పరదేశపు బడికి ఏ పట్టా కావాలి?

ఒకప్పుడు మన టీచర్లకు పరదేశం అంటే మాల్దీవులు. లెక్కలో, సైన్సో చెప్పగలిగి, చేతిలో బీఎడ్ ఉంటే మాలేలో దిగి, అక్కడి నుంచి పడవెక్కి ఏదో ఒక దీవికి చేరేవారు. అక్కడి హైస్కూలు పిల్లలు రాసేది కేంబ్రిడ్జి పరీక్షలు. ‘ఇంటర్నేషనల్ కరికులమ్’ అన్న మాట హైదరాబాద్ హోర్డింగుల మీదికి ఎక్కకముందే మనవాళ్లు కొందరు దాన్ని బోధించి వచ్చారన్నమాట. ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, టెఫెల్, పీజీసీఈఐ, ఇంటర్నేషనల్ డిప్లొమా అంటూ వరుసగా ప్రకటనలు. కొన్నిటి ఫీజు వేలల్లో, కొన్నిటిది లక్షల్లో. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ కాగితం అడుగుతున్నది ఎవరు? అక్కడి ప్రభుత్వమా, బడా, లేక దాన్ని అమ్ముకునేవాడా?

ప్రభుత్వం సంగతి ముందు చూద్దాం. దుబాయ్‌లో ప్రైవేటు బడి మిమ్మల్ని ఎంచుకున్నా, అక్కడి బడులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ ఒప్పుకోవాలి. అబుదాబీలో ఆ పని అక్కడి విద్యాశాఖ అడెక్‌ది. వాళ్లు చూసేది డిగ్రీ, బోధనార్హత, వాటి మీది ముద్రలు. పత్రాలు ఒకే ముద్రతో విదేశాల్లో చెల్లేలా చేసే అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది కాబట్టి అందులోని దేశాలకు ఆ ఒక్క ముద్రతో పని జరుగుతుంది. ఎమిరేట్స్‌కైతే రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఎంబసీ, ఇలా ఒక్కో మెట్టూ ఎక్కాలి.

మనవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. చాలామంది ప్రొవిజనల్‌తోనే ఏళ్ల తరబడి ఉద్యోగం చేసేస్తారు, అసలు పట్టా యూనివర్సిటీలోనే పడి ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పెళ్లయ్యాక తీసుకున్న ఆధార్‌లో అత్తింటిపేరు. ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి నెలలు పడుతుంది. ఇక కాలేజీ ముఖం చూడకుండా బీఎడ్ గట్టెక్కినవాళ్ల బాధ వేరు. చదివింది రెగ్యులరా, దూరవిద్యా అన్న లేఖ యూనివర్సిటీ నుంచి తెమ్మన్నప్పుడు కాళ్ల కింద భూమి కదులుతుంది.

బడి అడిగేది ఇంకొకటి. బ్రిటిష్ బడులకు ఇష్టమైనది ఇంగ్లండ్ ఇచ్చే క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్, అంటే క్యూటీఎస్. విదేశాల్లో ఉన్నవారికి బ్రిటిష్ యూనివర్సిటీలు నడిపే టీచర్ కోర్సు పీజీసీఈఐ చేస్తే అది వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. పీజీసీఈఐ మంచి చదువే కావచ్చు, క్యూటీఎస్ మాత్రం కాదు. విదేశంలో ఉంటూనే ఆ హోదాకు సమానమైనది కావాలంటే 2022లో మొదలైన ఐక్యూటీఎస్ ఉంది.

అయితే ఏజెంట్లు అంతగా చెప్పని దారి మరొకటి ఉంది. 2023 నుంచి మన దేశంలో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు బోధించే అర్హత ఉంటే నేరుగా క్యూటీఎస్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తుకు ఫీజు లేదు. డిగ్రీ, బీఎడ్ అక్కడి స్థాయికి సరితూగాలి, పనిచేసిన అనుభవం, ఇంగ్లిష్ వచ్చన్న రుజువు చూపించాలి. వచ్చేది గుర్తింపు మాత్రమే, వీసా కాదు. అయినా జడ్పీ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మనిషికి లక్షలు పోసే కోర్సు కన్నా ముందు చూడవలసింది ఇదే అని నా అభిప్రాయం. టెఫెల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అది ఇంగ్లిష్ నేర్పడానికి పనికొస్తుంది, క్లాస్ టీచర్ అర్హత కాదు. ఆ కోవలో సెల్టా అనే కోర్సు కాస్త గట్టిది, ఎందుకంటే అందులో ఆరు గంటలు నిజంగా పాఠం చెప్పి చూపించాలి.

కాగితాలన్నీ కుదిరాక వచ్చేది డెమో. ఏడో తరగతికి సాంద్రత పాఠం అనుకోండి. మన అలవాటు ప్రకారం బోర్డు మీద నిర్వచనం, దాని కింద సూత్రం, ఆ పైన రెండు లెక్కలు. ఇరవై నిమిషాల్లో పద్దెనిమిది మనమే మాట్లాడతాం. అయ్యాక ప్యానెల్ అడుగుతుంది: “మూడో వరుసలో అమ్మాయికి అర్థం కాలేదని మీకెప్పుడు తెలిసింది?” బీఎడ్ లెసన్ ప్లాన్‌లో మూల్యాంకనం అని ఒక గడి ఉండనే ఉంది. రికార్డు బుక్కులో ఎర్ర సిరాతో గీత గీసి మరీ నింపాం. క్లాసులో ఎన్నడూ దాని జోలికి పోలేదు. అదే పాఠానికి నీళ్ల తొట్టి, రెండు కమలాపండ్లు చాలు. తొక్కతో ఉన్నది తేలుతుంది, వలిచింది మునుగుతుంది. ఎందుకని అడిగి, జవాబు చెప్పెయ్యకుండా ఆగడమే కష్టం. ఈ ఆగడం ఏ ఆన్‌లైన్ కోర్సూ నేర్పగా నేను చూడలేదు.

అది అలవడే చోటు హైదరాబాద్‌లోనే ఉంది. ఐబీ (ఇంటర్నేషనల్ బకలారియేట్), కేంబ్రిడ్జి బడుల్లో అసిస్టెంట్‌గానైనా చేరి రెండేళ్లు పనిచేస్తే, శిక్షణ ఖర్చు చాలావరకు బడే పెట్టుకుంటుంది, రెజ్యూమెకూ బరువొస్తుంది. పైగా విదేశీ బడులు రిఫరెన్సును గట్టిగా చూస్తాయి. పిల్లలతో మీ నడవడి ఎలాంటిదని పాత ప్రిన్సిపాల్‌ను విడిగా అడుగుతాయి. పోట్లాడి మధ్యలో మానేసి, ఒరిజినల్స్ అక్కడే వదిలి వచ్చినవాళ్లకు ఈ ఘట్టం దాటడం కష్టమే.

చాలా ఇంటర్నేషనల్ బడులు ఆగస్టులో తెరుస్తాయి. ఆ ఏటి నియామకాలు ముందటి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జోరుగా సాగుతాయి. మనవాళ్లు ఏప్రిల్లో, చివరి పనిదినం అయ్యాక వెతకడం మొదలుపెడతారు. ఆఫర్ వచ్చాక జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టొద్దు. ఇంటి అద్దె, ఏటా విమానం టికెట్, ఆరోగ్య బీమా, అన్నిటికన్నా ముందు సొంత పిల్లల ఫీజు ఒప్పందంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. గల్ఫ్‌లో ఇద్దరు పిల్లల్ని మీరే ఫీజు కట్టి చదివిస్తే, నెల తిరిగేసరికి చేతిలో మిగిలేది కూకట్‌పల్లిలో మిగిలినంత కూడా ఉండకపోవచ్చు.