ఒడి గిటారుపై పెడల్ స్టీల్ నాదము

హవాయి గిటారు మన శ్రోతలకు క్రొత్త వాద్యము కాదు. వాన్ షిప్లే, సునీల్ గంగూలీ మున్నగువారు దానిపై హిందీ సినిమా పాటలు వాయించి యిచ్చిన రికార్డులు మన యిండ్లలో ఎన్నియో యేండ్లు మ్రోగినవి. గిటారును ఒడిలో వెల్లకిల బెట్టుకొని, కుడిచేత మీటుచు, ఎడమచేత ఒక ఉక్కు కడ్డీని తీగలపై జార్చుచు వాయింతురు. మెట్ల గీతలు కంటికి గుర్తులే కాని తీగ వానికి తగులదు. గోటువాద్యము నెఱిగినవారికి ఈ పద్ధతిని వేఱుగ వివరింప నక్కఱలేదు. హవాయి దీవులలో 19వ శతాబ్దపు చివరి దశాబ్దములలో జోసెఫ్ కెకూకు అను యువకుడు దీనిని రూపొందించెనని ప్రసిద్ధి. ఆంగ్లమున దీనికే ల్యాప్ స్టీల్ గిటారని పేరు.

ఈ వాద్యమునకు అమెరికాలో ఒక తమ్ముడు పుట్టినాడు. అది ఒడిలో ఇమడదు. కాళ్లపై బల్లవలె నిలిచి యుండును. క్రింద పాదముతో నొక్కు పెడళ్లును, మోకాళ్లతో నెట్టు మీటలును ఉండును. అదియే పెడల్ స్టీల్ గిటారు. 1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ అను పాట అమెరికా గ్రామీణ సంగీత ప్రపంచమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. అందులో బడ్ ఐజాక్స్ వాయించిన గిటారే ఆ ప్రసిద్ధికి సగము కారణమని నా యభిప్రాయము. అంతకుముందు పెడలనగా చాలమందికి తీగలను ఒక శ్రుతినుండి మఱియొక శ్రుతికి మార్చుకొను సాధనము మాత్రమే. ఐజాక్స్ స్వరము మ్రోగుచుండగనే పెడలు నొక్కెను. మ్రోగుచున్న తీగ కదలెను. ప్రక్క తీగ కదలలేదు.

విశేషమంతయు ఆ తుది మాటలోనే యున్నది. మూడు తీగలు ఏకకాలమున స, గ, ప అని పలుకుచున్నవనుకొందము. ఈ గాంధారము శంకరాభరణములోని గాంధారము. పెడలు నొక్కగనే గ ఒక మెట్టు పెరిగి మ అగును. ప రెండు మెట్లు పెరిగి ద అగును. స మాత్రము ఉన్నచోటనే నిలుచును. పాదమెత్తగనే మ, ద జారి వచ్చి మరల గ, ప లతో కలియును. వినువారికి ఆ గిటారు గొంతు జీరవోయి యేడ్చుచున్నట్లు తోచుట కిదియే హేతువు. ఐజాక్స్ ఒకే పెడలుతో రెండు తీగలను కదల్చెను. తరువాత కొలది యేండ్లకే బడ్డీ ఎమ్మన్స్, జిమ్మీ డే ఆ పనిని రెండు పెడళ్లకు పంచిరి. దానితో గ ను వేఱుగను, ప ను వేఱుగను కదల్చు స్వేచ్ఛ కలిగినది.

ఒడి గిటారునకు ఈ స్వేచ్ఛ లేదు. కడ్డీ తిన్ననిది, జరిపినచో తీగలన్నియు కలిసియే పెరుగును, కలిసియే తగ్గును. గోటువాద్యమువలె జారుట దానికి చేతనగును. వీణపై వలె ఒక్క తీగను లాగి ఒక్క స్వరమునే కదల్చుట చేతగాదు. పెడల్ స్టీలు ఈ రెండు విద్యలను కలుపుకొన్నది.

దీని ఫలము ఎందఱికో కఠినముగా తగిలినది. జెర్రీ బైర్డ్ 1920లో ఓహియో రాష్ట్రమున జన్మించిన ఉద్దండుడు. హాంక్ విలియమ్స్ రికార్డులలో కొన్నింటికి ఆయనయే గిటారు వాయించెను. ‘స్లోలీ’ తరువాత నాష్‌విల్ నగరపు రికార్డింగు గదులలో పెడళ్ల నాదమునకే గిరాకి పెరిగినది. బైర్డ్ పెడళ్లను స్వీకరింపలేదు. తుదకు 1970ల ఆరంభమున హవాయి చేరి, అచ్చట వాయించుచు, శిష్యులకు నేర్పుచు, 2005లో కన్నుమూసెను. యంత్రము చేయు పనిని చేయి ఎంతవఱకు చేయగలదో ఆయన రికార్డులు వినిన తెలియును.

చేయి చేయగల పనులలో మొదటిది, కడ్డీ వెనుక తీగను లాగుట. కడ్డీకిని తల భాగమునకును నడుమ మిగిలిన తీగను ఎడమచేతి ఉంగరపు వ్రేలితో తనవైపునకు లాగినచో ఆ తీగ ఒక్కటియే హెచ్చును. ఆరు తీగలను మంద్రమునుండి స, ప, స, గ, ప, స అని శ్రుతి చేసినచో, పైనుండి రెండవ తీగ ప అగును. కడ్డీని కదల్పక ఆ తీగను లాగి ద పలికించినచో పైనున్న స నిలిచియే యుండును. పెడల్ నాదమున ముఖ్యమైన సగము చేతికి చిక్కినట్లే. లాగుట వలన స్వరము పెరుగునే కాని తగ్గదు గదా అని సందేహము కలుగవచ్చును. వీణ వాయించువారికి దీని సమాధానము తెలియును: ముందుగానే లాగి పట్టి, మీటి, పిదప వదలవలెను. ద మ్రోగి ప లోనికి దిగును. పెడలునకు ఆగవలసిన చోటును యంత్రమే నిర్ణయించును. వ్రేలికి ఆ నిర్ణయము చెవి చేయవలెను. మొదటి రెండు మూడు మెట్లలో కడ్డీ వెనుక తీగ పొట్టిదగుటచే లాగుట మిక్కిలి కష్టము. అయిదవ మెట్టు దాటినపిమ్మట చేతికి లొంగును.

రెండవది, కడ్డీని ఏటవాలుగా పట్టుట. పై శ్రుతిలో మూడవ తీగ గ, రెండవ తీగ ప. మూడవ తీగపై ఒక మెట్టు, రెండవ తీగపై రెండు మెట్లు ముందునకు వచ్చునట్లు కడ్డీ కొనను త్రిప్పినచో గ-ప జంట మ-ద జంటగా మారును. పెడళ్లు కదల్చు స్వరములు సరిగా ఇవియే! కాని మొదటి తీగమీది స చెదరిపోవును గనుక దానిని మీటరాదు. లాగుటలో స నిలుచును, ఒక్క స్వరమే కదలును. ఏటవాలులో రెండును కదలును, స పోవును. ఏ ఘట్టమున దేనిని వదలుకొనవచ్చునో తెలిసికొనుటయే ఈ విద్యలో బుద్ధి పనిచేయవలసిన తావు. ప్రక్క ప్రక్క తీగలపై ఒక మెట్టు తేడా రావలెనన్న కడ్డీ బాగుగా వాలవలెను. మెట్లు దగ్గఱపడు పైస్థాయిలో ఈ వాలు తగ్గును. ఒక్కొక్క మెట్టు వద్ద వాలు ఒక్కొక్క తీరుగా నుండుటచే, ఒకచోట కుదిరిన చేతివాటము మఱియొకచోట అపశ్రుతి యగును.

మూడవది పాదమునకే సంబంధించినది. పెడల్ స్టీలు వాదకులు కుడిపాదము క్రింద ధ్వనిని హెచ్చించు వేఱొక పెడలు నుంచుకొందురు. ధ్వని తగ్గించి మీటి, తీగ నాదము క్షీణించుకొలది పాదమును మెల్లగా నొక్కుదురు. స్వరము ఆఱిపోక వయొలిన్ కమాను లాగినట్లు సాగును. దీనిని విద్యుత్ ఒడి గిటారునకును తగిలింపవచ్చును. పెడల్ స్టీలు గొంతుగా మనము గుర్తించు దానిలో ఈ పాదము పాలు చాల గలదు. క్రొత్తవారు దీనిని విస్మరించి వ్రేళ్లను హింసించుకొందురు.

ఇవి యన్నియు కుదిరినను పది తీగల పెడల్ గిటారు చేయు పనులు కొన్ని చేతికి అందవు. ఒక తీగ పైకి పోవుచుండగా మఱియొకటి క్రిందికి దిగుట, పట్టి యుంచిన మూడు స్వరములలో నడిమిదానిని మాత్రమే వేగముగ కదల్చుట వంటివి మోకాలి మీటలకే తగినవి. గిటారు గుఱ్ఱము వెనుక అమర్చు చిన్న మీటలను కొందఱు వాడుదురు. అవి అఱచేతితో నొక్కవలసినవి.

అభ్యసింప గోరువారు ఏడవ మెట్టు వద్ద కడ్డీ నుంచి, అచ్చట పలుకు స కు తంబురను శ్రుతి చేసికొని, రెండవ తీగ నొక్కదానినే ప నుండి ద వఱకు లాగి వదలుచుండవచ్చును. ఏడవ మెట్టునందలి ప కడ్డీని రెండు మెట్లు ముందునకు జరిపినచో ద యగును. లాగిన స్వరము దానితో సరిపోవుచున్నదో లేదో వెంటనే పోల్చి చూడవలెను. ఆ రెండును ఒకటిగా వినిపించువఱకు మూడవ తీగ జోలికి పోరాదు.