మనకు కావలసింది గ్రీన్‌హౌస్ కాదు, చలువ పందిరి

పై వీడియోలో మా పెరట్లో కనిపిస్తున్న పచ్చ నెట్ కింద ఇప్పుడు టమాటా, వంగ, మిరప నారు ఉంది. "గ్రీన్‌హౌస్ ఎలా కట్టారు?" అని అడిగే వాళ్లకు నేను ముందు చెప్పే మాట ఒకటే: దాన్ని గ్రీన్‌హౌస్ అనకండి. గ్రీన్‌హౌస్ కట్టి చేతులు కాల్చుకున్నాకే ఇది వేశాను. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత కొలతల్లోకి వెళ్తాను.

మొదటిసారి ఏం జరిగింది

మాది నల్గొండ వైపు. వ్యవసాయ డిప్లొమా అయ్యాక నారు పెంచి అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో, వీడియోల్లో చలి దేశాల వాళ్ల పెరటి గ్రీన్‌హౌస్‌లు చూసి మోజుపడ్డాను. వెదురు వంచి కమానులు చేసి, 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు కప్పాను. చలికాలంలో బ్రహ్మాండంగా ఉంది. బయటికంటే ముందే మొలకలు వచ్చాయి. ఇంకేం, ఎనిమిది మంది రైతుల దగ్గర అడ్వాన్సు తీసుకుని, జూన్ నాట్ల కోసం మే నెలలో మూడు వేల మొక్కలకు విత్తనం పెట్టాను.

బయట 43 డిగ్రీల ఎండ. లోపల వేలాడదీసిన థర్మామీటరు మధ్యాహ్నానికి 50 దాటేసింది. రెండు పక్కలా షీటు పైకి చుట్టాను, నీళ్లు చల్లాను. ఆ తడి ఆవిరై ఇంకా ఉక్కపోసింది. మూడో రోజుకి నారు మొత్తం తలలు వాల్చేసింది, మళ్లీ లేవలేదు.

డబ్బులు అందరికీ తిరిగి ఇచ్చేశాను. అందులో ఒక పెద్దాయన నోట్లు లెక్కపెట్టుకుని, "పైసలిచ్చినవ్ సరే బిడ్డా, పోయిన అదను ఎట్లిస్తవ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి కూర్చుంటే అమ్మ అడిగింది: "ఎండకాలం పెండ్లికి వాకిట్ల ఏమేస్తం రా? ప్లాస్టిక్ కప్పుతమా, పందిరేస్తమా?"

అంతే, విషయం అక్కడే ఉంది. చలి దేశాల వాళ్లకు వేడిని లోపల పట్టి ఉంచడం కావాలి. గాజు గానీ పాలిథిన్ గానీ ఎండను లోపలికి రానిస్తుంది, వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వదు. మనకు కావలసింది దానికి పూర్తిగా ఎదురు: ఎండ సగం తగ్గాలి, గాలి ఆడాలి. తమలపాకు తోటల్లో అవిశ చెట్ల నీడన తీగలు పెంచే మన పాతవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

కొలతలు, సామాను

మా పందిరి 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ఎత్తు తగ్గించి డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. పైకప్పు కిందికి ఉంటే వేడి మొక్కల మీదే కూర్చుంటుంది.

- స్తంభాలు 9. మూడు వరుసలు, వరుసకు మూడు. ఒక్కోటి 10 అడుగుల జీఐ పైపు, అందులో 2 అడుగులు భూమిలో, చుట్టూ కాంక్రీటు. 20 అడుగుల పైపులు 5 తెస్తే సరిపోతుంది.
- పైన పొడవునా వేయడానికి ఇంకో 3 పైపులు. అడ్డంగా వెదురు బొంగులు చాలు.
- పైకప్పుకీ పడమటి వైపుకీ 50 శాతం షేడ్ నెట్. పడమటి ఎండే అసలు శత్రువు, అటు నేల దాకా దించండి.
- మిగతా మూడు వైపులా 40 మెష్ పురుగుల నెట్. టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమను చాలావరకు ఇది ఆపుతుంది. తలుపు దగ్గర రెండు తెరలు వేయండి.

75 శాతం నెట్ ఇంకా చల్లగా ఉంటుంది కదా అని కొనకండి. వెలుతురు చాలక నారు సన్నగా, పొడుగ్గా సాగి, నాటగానే పడిపోతుంది.

నెట్‌ను పైపులకు శాశ్వతంగా బిగించొద్దు. తాళ్లతో కట్టండి. గాలిదుమారం వస్తోందంటే పది నిమిషాల్లో విప్పి చుట్టేయొచ్చు. చలికాలంలో కూడా పైనెట్ తీసేస్తాను, అప్పుడు ఆ ఎండ మొక్కకు కావాలి.

లోపల పని

జల్లించిన మట్టి, వర్మీకంపోస్టు, కొంచెం ఘనజీవామృతం కలిపి ట్రేలు నింపుతాను. విత్తనానికి బీజామృతం పట్టించి, నీడలో ఆరబెట్టి పెడతాను. రెండు ఆకులు వచ్చాక, వడకట్టిన ద్రవజీవామృతం లీటరుకు 20 లీటర్ల నీళ్లు కలిపి వారానికోసారి పిచికారీ చేస్తాను.

నీళ్లు పొద్దున్నే పెట్టండి. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆ తడి ఉండి నారుకుళ్లు వస్తుంది. ఇంకో చిన్న మాట: ఎండలో పడున్న పైపులో నీళ్లు కాగిపోయి ఉంటాయి. ఆ మొదటి నీళ్లు బయటికి వదిలేసి, చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే నారుకు పట్టండి.

నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా చేలో పెడితే తట్టుకోలేదు. నాటడానికి వారం ముందు నుంచి ట్రేలను రోజూ పొద్దున కాసేపు బయట ఎండలో పెట్టి, ఆ సమయం మెల్లగా పెంచుతాను. తొందరలో చాలామంది వదిలేసేది ఈ పనినే.

పాలిథిన్ అసలు వద్దా?

అలాగని కాదు. పెద్ద వానల్లో నారు మీద చినుకులు దెబ్బతీస్తాయి, ట్రేలలో నీళ్లు నిలుస్తాయి. జూలై, ఆగస్టుల్లో నెట్ మీద పాత షీటునే కొంచెం వాలుగా కప్పి, పక్కలు పూర్తిగా వదిలేస్తాను. లంబసింగి, అరకు లాంటి చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు శీతాకాలం పాలిథిన్ ఇల్లే అక్కరకొస్తుంది. కట్టే ముందు, మీ ఊళ్లో మొక్కను ఇబ్బంది పెడుతున్నది ఎండా, వానా, చలా, పురుగా అని చూసుకోండి. సామాను దాన్నిబట్టి కొనండి.

నిరుడు జూన్‌లో ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. లోపల అటూ ఇటూ తిరిగి, ఒక మొక్క వేళ్లు తీసి చూసి, ఐదు ట్రేల టమాటా నారు పట్టుకెళ్లాడు. అడ్వాన్సు ఆయన ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నారు చేతికొచ్చాకే డబ్బు తీసుకోవడం అప్పటినుంచి మా ఇంటి పద్ధతి.