మందు ఆగిన తరువాత: శక్తి కూడుకోవడం, జుట్టు తిరిగి రావడం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉండే ఒక ఇల్లాలిని ఊహించుకోండి. తాతల కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం వారిది. భర్త వర్క్‌షాపులో పనిచేస్తాడు. ఆమెకు రొమ్ము కేన్సర్ వచ్చింది. కలకత్తాలో కీమోథెరపీ మందు ఎక్కించారు. ఆఖరి మోతాదు అయి నెల దాటింది. అయినా బిందెడు నీళ్ళు మోసేసరికి కూలబడిపోతోంది. "కోర్సు అయిపోయింది కదమ్మా, ఇంకా ఈ నీరసమేటి?" అంటుంది అత్తగారు. తలకు కట్టుకున్న గుడ్డ చూసి పక్కింటావిడ "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని అడుగుతుంది. అత్తగారికీ, పక్కింటావిడకూ ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. జబ్బు తిరగబెట్టిందా, లేక తానే బద్ధకస్తురాలై పోయిందా అని ఆమెకే అనుమానం.

ఈ పాఠం చదివిన తరువాత ఆ రెండు ప్రశ్నలకూ మీరు జవాబు చెప్పగలగాలి.

మందు ఎక్కడ పనిచేస్తుంది?

కేన్సర్ కణాలు అదుపు లేకుండా విభజన చెందుతూ పెరుగుతాయి. కీమోథెరపీ మందులలో చాలావరకు ఈ విభజననే దెబ్బతీస్తాయి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో తన బృందంతో తయారుచేయించిన అమినోప్టెరిన్ అటువంటి మందే. కణ విభజనకు ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని కణం వాడుకోకుండా ఈ మందు అడ్డుకుంటుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు దీనిని ఇచ్చి, 1948లో ఫలితాలను ప్రకటించాడు. దీనికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

అయితే ఇటువంటి మందుకు జబ్బు కణమేదో, మంచి కణమేదో పూర్తిగా తెలియదు. మన ఒంట్లో వేగంగా విభజన చెందే కణాలు మరికొన్ని ఉన్నాయి. రక్తాన్ని తయారుచేసే ఎముకల మూలుగ, నోటి పొర, పేగుల లోపలి పొర, వెంట్రుకల కుదుళ్ళు అటువంటివి. ఆ ఇల్లాలి నీరసానికీ, రాలిన జుట్టుకూ ఇక్కడ సంబంధం కనిపిస్తుంది.

నీరసం బద్ధకం కాదు

పొలం పనిచేసి అలసినవాడు రాత్రి నిద్రపోతే పొద్దున్నకు తేరుకుంటాడు. కీమో తరువాత వచ్చే నీరసం అలాంటిది కాదు. ఎంత పడుకున్నా తీరదు. దీనికి ఒక్క కారణం ఉండదు. మూలుగ దెబ్బతిన్నందువల్ల ఎర్ర రక్తకణాలు తగ్గి, కండరాలకు ఆక్సిజన్ చాలకపోవచ్చు. నెలల తరబడి మంచాన ఉన్నందున కండ కరిగి ఉంటుంది. తిండి సయించదు, నిద్ర పట్టదు, దిగులు వదలదు. కొందరిలో థైరాయిడ్ లోపం కూడా కనబడుతుంది. కాబట్టి అంగడిలో బలం టానిక్కు కొనుక్కునే ముందు డాక్టరు చేత రక్తపరీక్ష చేయించుకోవాలి. ఇనుము లోపం లేనివారికి ఇనుము మాత్రలు మేలు చేయవు.

ఇక్కడ చాలా ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది. ప్రేమకొద్దీ రోగిని మంచం దిగనివ్వరు. వాడని కండ ఇంకా తగ్గుతుంది, తగ్గినకొద్దీ నీరసం పెరుగుతుంది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ నడవడం ఈ నీరసాన్ని తగ్గిస్తుందని పరిశోధనలలో తేలింది. ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా అదే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడిస్తే కిలోమీటరు దాటుతుంది. మొదటి రోజునే అంత దూరం పెట్టుకోకూడదు. (స్టేషను రద్దీలో నడవమని కూడా మా ఉద్దేశం కాదు. దూరం అంచనా కోసం చెప్పాం.) ఇంటి గుమ్మం నుంచి వీధి చివరి దాకా, ఐదు నిమిషాలు, పూటకు ఒకసారి చాలు. వారం గడిచాక రెండు నిమిషాలు పెంచాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లే. మర్నాడు లేవలేకపోతే పెంచింది ఎక్కువైందని గ్రహించి తగ్గించుకోవాలి.

ఒంట్లో బాగున్న రోజున బట్టలన్నీ ఉతికేసి, తరువాత రెండు రోజులు పడుకునేవారు ఉన్నారు. జీతం రాళ్ళు నెలంతా సర్దుకున్నట్లు శక్తిని రోజంతా సర్దుకోవాలి. కూరలు కూర్చుని తరుక్కోవచ్చు. స్నానం, వంట ఒకే గంటలో పెట్టుకోనక్కరలేదు. పరీక్షలకు కలకత్తా వెళ్ళిన రోజును పెద్ద పనిచేసిన రోజుగానే లెక్కించాలి. హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు, మళ్ళీ అంత దూరం వెనక్కి. మర్నాడు విశ్రాంతి అవసరం.

తిండి విషయంలో చోడి అంబలి మంచిదే, కాని అంబలితోనే కండ పట్టదు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు వంటి మాంసకృత్తులున్న పదార్థాలు రోజూ కొంచెం కొంచెంగా పలుమార్లు తీసుకోవాలి.

పూర్తిగా తేరుకోవడానికి నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది. ఉద్యోగంలో తిరిగి చేరేవారు ఫిట్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు, కొంతకాలం తేలిక పని ఇవ్వడానికి వీలుందా అని డాక్టరును అడగడంలో సిగ్గుపడవలసింది లేదు.

జుట్టు లెక్క

తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. పదింట తొమ్మిది వంతులు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి. అందుకే మందు దెబ్బ వాటికి తగులుతుంది. మొదటి మోతాదు తరువాత రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది. అన్ని మందులకూ రాలదు. రాలినా కుదురు సాధారణంగా చావదు. ఆఖరి మోతాదు తరువాత మూడు నుంచి ఆరు వారాలలో మెత్తని నూగు కనబడుతుంది. ఆపైన నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల జడ కావాలంటే ఎన్ని నెలలు పడుతుందో మీరే లెక్కవేయండి.

కొత్త జుట్టు రింగులు తిరిగి రావచ్చు, రంగు మారవచ్చు. చాలామందికి క్రమంగా పాత తీరుకు వస్తుంది. డోసిటాక్సెల్ వంటి కొన్ని మందుల తరువాత కొద్దిమందికి మునుపటంత ఒత్తుగా రాదు. రొమ్ము కేన్సర్‌కు తరువాత వాడే హార్మోను మాత్రల వల్ల కూడా జుట్టు పలచబడవచ్చు. ఇలా జరిగితే మాత్రలు మానేయకుండా డాక్టరుకు చెప్పాలి.

మళ్ళీ మళ్ళీ గుండు గీయిస్తే ఒత్తుగా వస్తుందని మనలో గట్టి నమ్మకం. అది నిజం కాదు. కత్తి తగిలేది చర్మం పైనున్న వెంట్రుకకే, కుదురుకు కాదు. కొబ్బరినూనె పొడి చర్మానికి హాయినిస్తుంది, పెరుగుదలను తొందరపెట్టదు. బయోటిన్ మాత్రలు కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తప్పుగా చూపిస్తాయి. చెప్పకుండా వాడకండి. తలకు రంగు వేయడం ఆరు నెలలదాకా వాయిదా వేస్తే మంచిది. ఎండలో తల కప్పుకోవాలి.

తిరుపతిలో తలనీలాలు ఇచ్చేవారు తమ ఇష్టంతో ఇస్తారు. ఈమె జుట్టు అడగకుండా పోయింది. పైగా ఒకప్పుడు భర్త పోయిన స్త్రీకి బలవంతంగా శిరోముండనం చేసిన ఆచారం కొన్ని ఇళ్ళలో ఇంకా జ్ఞాపకం ఉంది. అందుకే ఆ చిన్న ప్రశ్న ఆమెకు అంతగా గుచ్చుకుంటుంది. అడగకపోవడమే మర్యాద. అడిగినవారికి "లేదండీ, మందులకి రాలింది, మళ్ళీ వస్తోంది" అంటే సరిపోతుంది.

ఎప్పుడు ఆగకూడదు?

ఆఖరి మోతాదు తరువాతి వారాలలో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక కాలు వాపు, కొత్త గడ్డ, వారాల తరబడి వదలని దిగులు ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి.

అభ్యాసం

1. ఒక వారం పాటు రోజూ ఎన్ని నిమిషాలు నడిచారో, మర్నాడు ఎలా ఉన్నారో నోటుపుస్తకంలో రాయండి. ఇంట్లో కోలుకుంటున్నవారు ఉంటే వారి కోసం రాయండి.
2. పై ఇల్లాలి అత్తగారికి మీరు ఏమని చెబుతారు? ఆమెతో మాట్లాడినట్లే ఐదు వాక్యాలలో రాయండి.