తగ్గినట్లు తోచు వ్యాధి

పాతబస్తీలో ఒక యువతికి ఒక కంటి చూపు మసకబాఱినదనుకొందము. కన్ను కదల్చిన నొప్పి. కొన్ని వారములకు చూపు దానంతటదియే మరలివచ్చును. తాయెత్తు గట్టినవారు తాయెత్తు మహిమ యందురు; కషాయమిచ్చినవారు కషాయగుణ మందురు. ఇంటివారు సంగతి మఱచెదరు. ఏడాదికో రెండేండ్లకో కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడును. అదియు కొంత తగ్గును. మల్టిపుల్ స్క్లిరోసిస్ అను నాడీవ్యాధి పెక్కండ్రయెడ నిట్లే ప్రవేశించుచున్నది. ఇరువది, నలువది యేండ్ల నడిమి వయసువారికి, అందును స్త్రీలకు, ఇది యెక్కువ.

విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగువలె నాడులకు మైలిన్ అను కొవ్వు తొడుగు గలదు. శరీరమును గాపాడవలసిన రక్షకబలమే మెదడునందును వెన్నుపామునందును ఆ తొడుగును చెఱచుట యీ వ్యాధి. తొడుగు పోయిన నాడి వేడికి మఱింత మందగించును. కావున మే నెల యెండలో రోగి చూపు మసకబాఱి, చల్లని గదిలో తేరుకొనును. ఎండకు కన్నులు చీకట్లు గ్రమ్మినవారెల్ల రోగులని మా భావము గాదు.

పారిసు నగరమున షార్కో పండితుడు 1868లో దీనిని వివరించెను. కారణము మాత్రము చిరకాలము చిక్కలేదు. అమెరికా సైన్యమున పనిచేసిన కోటిమందికి పైబడినవారిని గూర్చి 2022లో వెలువడిన పరిశోధన, ఎప్‌స్టైన్-బార్ వైరసు సోకిన పిమ్మట ఈ వ్యాధి వచ్చు అవకాశము 32 రెట్లు పెరుగునని చూపినది. అయితే ఆ వైరసు లోకమున నూటికి తొంబదిమందికి పైగా సోకునదే. రోగులగువారు బహు కొలదిమంది. వంశగుణము, పొగాకు, సూర్యరశ్మి కొఱత తోడగునని పండితులు తలచుచున్నారు.

శీతదేశముల జబ్బు మనకేల యను మాట మన వైద్యులలోను ఉండెడిది. ఎం.ఆర్.ఐ. యంత్రములు వచ్చిన పిదప ఆ మాట సడలినది. మఱియొక చిక్కు గలదు. దీనిని పోలిన న్యూరోమైలైటిస్ ఆప్టికా అను వ్యాధికి గుఱుతైన ప్రతిరక్షకమును 2004లో కనుగొనిరి. 1993 నుండి వాడుకలోనున్న ఇంటర్‌ఫెరాన్ మొదటి వ్యాధికి మేలు, రెండవదానికి కీడు. పేరు తేల్చక మందు వేయుట ప్రమాదము. 2017లో అమెరికాలో అనుమతి బొందిన ఒక్రెలిజుమాబ్ వంటి మందులు దాడులను మిక్కిలి తగ్గించుచున్నవి. నశించిన నాడిని తిరిగి తేజాలవు. ఆలస్యమునకు వెల యిదియే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ రోగులను గుర్తించినది. సంతోషమే, కాని ధ్రువపత్రము కాళ్లు పడిన పిదప వచ్చునది. మూసీకి ఆవలి యొడ్డుననున్న ఉస్మానియా ఆసుపత్రికి ఆ యువతి మొదటి మసకనాడే చేరవలెను. అచ్చట నాడీవైద్యుడు చూచి, ఎం.ఆర్.ఐ. తీయించి, పేదకుటుంబము కొనజాలని మందును ప్రభుత్వమే యిచ్చు ఏర్పాటు స్థిరముగ నుండవలెనని మేము కోరుచున్నాము.