ఈ-మెయిలులో చెదిరిన తెలుగు పాఠం: గుర్తింపు, సవరణ

క్షేత్రపర్యటన నుండి ఈ-మెయిలులో వచ్చిన పాఠం చెదిరి కనిపిస్తే, దానిని తొలగించకముందే చెదిరిన తీరును పరిశీలించాలి. యూనికోడ్‌లోని ప్రతి తెలుగు సంకేతం యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లుగా నిలుస్తుంది. వాటిని విండోస్-1252 పద్ధతిలో చదివితే ‘క’ స్థానంలో తలపై ఏటవాలు గీత గల రోమన్ ‘ఏ’, డిగ్రీ గుర్తు, నల్లచుక్క కనబడతాయి. ఇక్కడ పాఠం చెడలేదు. చదివే పద్ధతి తప్పింది. ఎన్‌కోడింగును యూటీఎఫ్-8కు మార్చితే అక్షరాలు తిరిగి వస్తాయి.

అను ఫాంట్లలో కూర్చిన పాఠం సంగతి వేరు. అందులోని సంకేతాలు తెలుగువి కావు. వాటికి తెలుగు రూపమిచ్చేది ఫాంటు మాత్రమే. కనుక యూనికోడ్‌కు మార్పిడి చేయక తప్పదు, ఆపై ఒత్తులను కంటితో సరిచూడాలి. అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారి ఉంటే మాత్రం మూలసంకేతాలు సాధారణంగా నశించినట్లే. అప్పుడు పంపినవారి వద్దనున్న ప్రతినే మళ్ళీ తెప్పించుకోవాలి.