పెద్ద చేప రావాలంటే పిల్ల చేప పుట్టాలి

అమెరికా తూర్పు తీరంలో భారీ స్ట్రైప్డ్ బాస్ గాలానికి పడటం అరుదైపోతోంది. కారణం సముద్రంలో కంటే మేరీల్యాండ్ నదుల్లోనే ఎక్కువగా ఉంది. 1954 నుంచి రాస్తున్న ఒక పట్టిక ఆ సంగతి ఏళ్ల ముందే చెప్పింది.

ఎడిటర్ అడిగింది సూటి ప్రశ్న. న్యూజెర్సీ, మేరీల్యాండ్, వర్జీనియాల్లో మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారు. సెలవు రోజున గాలం పట్టుకుని తీరానికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అక్కడ అందరూ గొప్పగా చెప్పుకునే చారల చేపల్లో పెద్దవి ఎందుకు కనపడటం లేదు? గురువారం సాయంత్రానికి కాపీ కావాలి. చదవడానికి నివేదికలు గుట్టలుగా ఉన్నాయి. వాటన్నిటి మధ్య నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం ఒక్క పట్టిక. ఎడమవైపు సంవత్సరం, కుడివైపు ఒక అంకె. ఈ కథనంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

వంద అడుగుల వల

మెయిన్ నుంచి నార్త్ కరోలినా దాకా తీరం వెంట తిరిగే ఈ చేపల్లో ఎక్కువ భాగం చెసపీక్ అఖాతంలో కలిసే నదుల్లో పుట్టినవే. హడ్సన్, డెలావేర్ నదుల వాటా వాటి తర్వాతే. అందుకే మేరీల్యాండ్ 1954లో ఒక లెక్క మొదలుపెట్టింది; ఇప్పుడు దాన్ని ఆ రాష్ట్ర సహజ వనరుల శాఖ నడుపుతోంది. చోప్‌టాంక్, పొటోమాక్, నాంటికోక్ నదులు, అఖాతం ఎగువ భాగం: ఈ నాలుగు చోట్లా కలిపి 22 రేవులను ఎంచుకున్నారు. ఏటా జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జీవశాస్త్రజ్ఞులు అక్కడ నీళ్లలోకి దిగుతారు.

వాళ్ల వల పొడవు వంద అడుగులు, లోతు నాలుగు అడుగులు, కన్నులు బాగా సన్నం. ఒక కొసను ఒడ్డున పట్టుకుంటారు. రెండో కొసను నీళ్లలోకి తీసుకెళ్లి, చుట్టూ తిప్పి ఒడ్డుకు లాగుతారు. మన తీరంలో అలివి వల లాగే పద్ధతే, కాకపోతే ఇది చిన్నది. నెలకు ప్రతి రేవులోనూ రెండేసి లాగుళ్లు, మూడు నెలలకు మొత్తం 132. పడిన చేపల్ని జాతులవారీగా లెక్కపెడతారు. ఆ వసంతంలో పుట్టిన బాస్ పిల్లలు అప్పటికి వేలెడంత ఉంటాయి. ఒక్కో లాగుడుకు అవి సగటున ఎన్ని పడ్డాయన్నదే ఆ ఏటి అంకె.

ఇన్ని దశాబ్దాల సగటు 11. 1996లో 59.4 వచ్చింది, పట్టికలో అదే శిఖరం. 2001లో 50.8, 2011లో 34.6. మరుసటి ఏడాదే 0.9, అన్నిటికన్నా అడుగున. 2015లో 24.2, 2018లో 14.8. ఆ తర్వాతి వరస నెమ్మదిగా చదవాలి: 3.4, 2.5, 3.2, 3.6, 1.0, 2.0, 4.0. అంటే 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లు. ఒక్క ఏడూ సగటులో సగానికైనా చేరలేదు.

ఈ పట్టిక మీద నాకు గౌరవం కలగడానికి కారణముంది. ప్రభుత్వాలు మారాయి, చట్టాలు మారాయి, చేపలు తరిగి మళ్లీ పెరిగాయి. వల లాగడం మాత్రం ఆగలేదు. పైగా ఇది బీరువాలో మూలిగే కాగితం కాదు. 1985లో వేట నిషేధించినప్పుడు తిరిగి ఎప్పుడు తెరవాలో తేల్చింది ఈ అంకెలే. మూడేళ్ల సగటు 8కి చేరితే పరిమితంగా తెరవవచ్చన్నది అప్పటి నియమం. 1989లో 25.2 రావడంతో ఆ గీత దాటింది, 1990లో వేట మొదలైంది.

అంగుళాల్లో వయసు

స్ట్రైప్డ్ బాస్ విషయంలో పరిమాణం అంటే వయసే. 28 అంగుళాలు పెరగడానికి ఆరేడేళ్లు పడుతుంది. 40 అంగుళాలకు పన్నెండేళ్ల పైమాటే. 50 పౌండ్ల చేపకు ఇరవై ఏళ్ల దరిదాపు వయసుంటుంది. అంటే ఇవాళ గాలానికి పడాల్సిన భారీ చేప 2011లోనో అంతకుముందో పుట్టి ఉండాలి. 2011 సంతతి వెనక 2012 దాదాపు ఖాళీ. 2015 సంతతికి తోడుగా ఒకటి రెండు మోస్తరు ఏళ్లున్నాయి. 2018 దాటాక వరసంతా వెలితే.

పుట్టినవైనా పెద్దవయ్యేదాకా బతికాయా అన్నది రెండో ప్రశ్న. దానికి 2022 సంగతి చూడాలి. అప్పటి నిబంధన ప్రకారం సముద్రంలో 28 అంగుళాల నుంచి 35 అంగుళాల లోపు చేపను, మనిషికి రోజుకు ఒకటి చొప్పున ఇంటికి తీసుకెళ్లవచ్చు. సరిగ్గా ఆ ఏడాదికి 2015లో పుట్టినవి ఏడేళ్లవై ఆ కొలతలోకి వచ్చాయి. సరదా వేటగాళ్లు ఇంటికి తీసుకెళ్లిన చేపల సంఖ్య అంతకుముందు ఏడాదికి దాదాపు రెట్టింపై, 35 లక్షలకు చేరింది. కంగారుపడిన అట్లాంటిక్ రాష్ట్రాల సముద్ర మత్స్య కమిషన్ 2023 మేలో అత్యవసరంగా పై హద్దును 31 అంగుళాలకు దించింది. ఆ మధ్యలో ఒక మంచి సంతతి నుంచి రేపటి పెద్ద చేపలు లక్షల్లో పోయాయి.

తల్లులు ఉన్నాయి, పిల్లలు లేవు

గోదావరి పులసను ఎరిగినవాళ్లకు ఈ చేప బతుకు వెంటనే అర్థమవుతుంది. ఇదీ నదిలో పుట్టి, ఉప్పునీటిలో ఎదిగి, గుడ్లు పెట్టడానికి నదికే ఎదురీదుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మంచినీటిలో గుడ్లు వదులుతుంది. ఆ గుడ్లు అడుగుకు దిగి మట్టిలో కూరుకుపోకుండా ప్రవాహం మోసుకుపోవాలి. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. వెంట తెచ్చుకున్న సొన అయిపోయే వేళకు సూక్ష్మజీవుల మేత సిద్ధంగా ఉండాలి. చలి బాగా పడి, మంచు కరిగి, నది నిండుగా పారిన ఏడాది ఈ రెండూ కలిసొస్తాయి. శీతకాలం వెచ్చగా, వసంతం పొడిగా గడిస్తే మేత ముందే పెరిగి తగ్గిపోతుంది, పిల్లలు పుట్టేసరికి తిండి ఉండదు. ఈ మధ్య వరసగా వస్తున్నవి ఎక్కువగా వెచ్చని శీతకాలాలే.

అందువల్ల నేరమంతా గాలం పట్టినవాడిదే అన్న మాటతో నేను ఏకీభవించను. 2023లో గుడ్లు పెట్టే ఆడచేపల మొత్తం బరువు 19.1 కోట్ల పౌండ్లని అంచనా. ప్రమాద గీత 19.7 కోట్లు, లక్ష్యం 24.7 కోట్లు. గీతకు దిగువనే ఉన్నా, తల్లులు కరవైపోలేదు.

చేపలు లోతు నీళ్లకు తరలిపోయాయి, అందుకే దొరకడం లేదని తీరంలో చాలామంది వాదిస్తారు. నార్త్ కరోలినా దగ్గర శీతకాలపు గుంపులు ఉత్తరానికీ, తీరానికి దూరంగానూ జరిగిన మాట నిజం. కానీ తీరానికి మూడు మైళ్ల అవతలి సమాఖ్య జలాల్లో ఈ చేప వేట 1990 నుంచీ నిషేధం. అక్కడ దాక్కోవాలన్నా ముందు నదిలో పుట్టాలి కదా. పుట్టుక తగ్గిందని పట్టిక చెబుతుంటే, వలస పోయాయని సర్దిచెప్పుకోవడం ప్రమాదకరం.

అలాగని గాలానికి సంబంధం లేదనడమూ తప్పే. ఈ చేపల మరణాల్లో సింహభాగం పెద్ద పడవల వలలది కాదు, సరదా వేటది. అందులోనూ కంటికి కనపడని భాగం, పట్టి వదిలేసినవి. వదిలిన వంద చేపల్లో తొమ్మిది చనిపోతాయని శాస్త్రజ్ఞుల లెక్క. 2022లో వదిలినవి దాదాపు 3 కోట్లు. అంటే 27 లక్షల చేపలు ఎవరి వంటింటికీ చేరకుండానే చచ్చిపోయాయి.

గతం క్లుప్తంగా

1639లోనే మసాచుసెట్స్ బే వలస ప్రాంతం ఈ చేపను పొలానికి ఎరువుగా వేయడం నిషేధించింది. 1670లో ప్లిమత్ వలసవాసులు దీని వేట మీద వచ్చిన సొమ్మును బడికి కేటాయించారు. 19వ శతాబ్దంలో దీని వేట కోసం ధనికుల క్లబ్బులు వెలిశాయి. 1973 ప్రాంతంలో వ్యాపార వేట రికార్డు స్థాయికి వెళ్లి, తర్వాత పదేళ్లలో కుప్పకూలింది. 1984లో కేంద్ర చట్టం, 1985లో మేరీల్యాండ్ పూర్తి నిషేధం, 1990లో పరిమిత వేట, 1995లో కోలుకుందన్న ప్రకటన. 2019లో వెలువడిన సమగ్ర అంచనా మళ్లీ గంట కొట్టింది: అతివేట జరిగింది, నిల్వ తరిగింది.

బాక్స్: ఎంత పెద్దదవుతుంది?
భారీ చేపలు దాదాపు అన్నీ ఆడవే. 31 ఏళ్లు బతికినవి ఉన్నాయి. గాలానికి పడిన వాటిలో ప్రపంచ రికార్డు 81.88 పౌండ్లు, 2011 ఆగస్టులో కనెక్టికట్ తీరాన పడింది. 1891లో నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్ దగ్గర 125 పౌండ్ల చేప దొరికినట్టు నమోదైంది. 12 పౌండ్ల తల్లి ఎనిమిదిన్నర లక్షల గుడ్లు పెడితే, 55 పౌండ్ల తల్లి 40 లక్షలు దాటి పెడుతుంది.

బాక్స్: మేత కూడా లెక్కలోకి
బాస్‌కు ఇష్టమైన మేతల్లో మెన్‌హేడెన్ ఒకటి. నూనె, చేపల దాణా కోసం దీన్ని టన్నులకొద్దీ పడతారు. 2020 నుంచి మెన్‌హేడెన్ వేట పరిమితులు నిర్ణయించేటప్పుడు బాస్ ఆకలినీ లెక్కలోకి తీసుకుంటున్నారు.

బాక్స్: రైలెక్కిన చేప
1879లో న్యూజెర్సీలోని నేవసింక్ నది నుంచి నూటముప్పై పైచిలుకు పిల్ల చేపల్ని రైల్లో తీసుకెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దగ్గర వదిలారు. పసిఫిక్ తీరంలోని స్ట్రైప్డ్ బాస్ సంతతికి మూలం ఆ చేపలూ, 1882లో పంపిన రెండో విడతా.

ఇక మిగిలిన దారి

2029 నాటికి నిల్వలు లక్ష్యానికి చేరాలన్నది కమిషన్ పెట్టుకున్న గడువు. 2025 అక్టోబరులో మరణాలను మరో 12 శాతం తగ్గించే ప్రతిపాదన కమిషన్ బోర్డు ముందుకొచ్చింది. ఆమోదం పొందలేదు. చార్టర్ పడవల మీద, ఎర దుకాణాల మీద బతికేవాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా ఆ నిర్ణయం నాకు సరైనదిగా అనిపించలేదు. 2026 వసంతం ఎంత బాగున్నా, అప్పుడు పుట్టే పిల్ల 28 అంగుళాలవడానికి 2032 దాటుతుంది. అప్పటిదాకా గుడ్ల భారమంతా 2011, 2015, 2018 సంతతుల తల్లుల మీదే.

గాలం వేసే పాఠకులకు ఒక మనవి. నిజమైన ఎర వేస్తే సర్కిల్ హుక్ తప్పనిసరి, అది ముల్లును గొంతులోకి దిగకుండా ఆపుతుంది. చేపను కొక్కెంతో గుచ్చి పైకి లాగడం నిషేధం. ఎండాకాలం నీళ్లు వెచ్చబడ్డప్పుడు ఈ వేట మానేయండి. అలిసిన చేపను ఫొటో కోసం గాల్లో పట్టుకోకుండా నీళ్లలోనే ముల్లు తీసి వదలండి. మీ రాష్ట్రం నిబంధనలు ఏటా చూసుకోండి.

చల్లని శీతకాలాన్ని ఏ బోర్డూ తీసుకురాలేదు. అది వచ్చే ఏడాదికి నదిలో తల్లులు మిగిలేలా చూడటం మాత్రం బోర్డు చేతిలో పనే. 12 శాతం తగ్గింపును మళ్లీ చర్చకు తేవాలి, ఈసారి ఆమోదించాలి.